గులాబీ ఆకులు గుండ్రంగా కోసుకుపోతున్న ఈగకి పెరట్లో గూడు కట్టిపెట్టొచ్చా?

పెరటిమునగ | పర్లాకిమిడి | జనవరి 18

అందరికీ నమస్కారం. మా పెరట్లో రెండు మునగచెట్లు, నాలుగు గులాబీలు, గోడవారగా వంగమొక్కలు ఉన్నాయి. సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచీ గులాబీ ఆకుల అంచులు తెగిపోయి కనిపిస్తున్నాయి. పురుగు కొరికినట్టు గజిబిజిగా లేదు. చొక్కా గుండీ పెట్టి గీసి కత్తిరించినట్టుంది.

వేపనూనె కలిపి సిద్ధం చేసుకున్నాక మొన్న మధ్యాహ్నం ఆకులు కోసే దొంగ దొరికింది. తేనెటీగంతే ఉంది, కాస్త బొద్దు. ఆకుముక్కని చుట్టగా చుట్టి పొట్టకింద పట్టుకుని ఎగిరి, వరండాలో స్విచ్చుబోర్డు పక్కన మేకు ఊడిన కన్నంలోకి దూరిపోయింది. అరగంటలో ఏడుసార్లు తిరిగింది. మావారు సిమెంటు పూసేస్తానన్నారు. రెండ్రోజులు ఆగమన్నాను. ఇదేటి? మనవలు ఆడుకునే ఇల్లు, కుడుతుందా? చంపకుండా వేరే చోటు చూపించే దారుంటే చెప్పండి.

కీటకమాస్టారు | బరంపురం | జనవరి 18

వేపనూనె పక్కన పెట్టండమ్మా, సిమెంటు కూడా. మీరు చూసింది ఆకుకోత తేనెటీగ, మెగాకైల్ అనే ప్రజాతిది. తేనెపట్టు కట్టదు, రాణీ కూలీలూ ఉండవు, తేనె దాచదు. ఒక్కో ఆడది తనంతట తానే గూడు చూసుకుని, ఆకులు తెచ్చుకుని, పుప్పొడి మోసుకుని పిల్లల్ని కంటుంది. ప్రపంచంలో తేనెటీగ జాతులు 20,000కు పైగా ఉంటే వాటిలో అత్యధికం ఇలా ఒంటరిగా బతికేవే. మనకు పట్టు తెలుసు, తేనె తెలుసు కనుక మిగతావాటికి పేర్లు కూడా పెట్టుకోలేదు.

ఆ కన్నంలో జరిగేది చెబుతాను. కోలగా కోసిన ముక్కలతో ముందు గిన్నెలాంటి గది చేస్తుంది. అందులో పుప్పొడి, మకరందం కలిపిన ముద్ద పెడుతుంది. దాని మీద ఒకే గుడ్డు. తర్వాత గుండ్రంగా కోసిన ముక్కలతో మూత. ఆ మూత ముందు ఇంకో గది. కన్నం నిండాక వాకిలి మూసేసి వెళ్ళిపోతుంది, పిల్లల మొహం చూడదు. మీ గులాబీలో కోల ముక్కలూ, గుండ్రటి ముక్కలూ రెండూ తెగి ఉంటాయి, వెళ్ళి చూడండి.

కుట్టడం సంగతి. మగవాటికి కొండి లేదు. ఆడదానికి ఉన్నా, కాపాడుకోవాల్సిన పట్టు లేదు కనుక మీదికి రాదు. చేత్తో నలిపితేనో, బట్టల్లో ఇరుక్కుంటేనో కుడుతుంది. గులాబీకి నష్టమా అంటే, నాలుగాకులు పోయినంత మాత్రాన మొక్కకేమీ కాదు.

పెరటిమునగ | పర్లాకిమిడి | జనవరి 19

చూశాను మాస్టారూ. రెండు రకాలూ ఉన్నాయి! మావారికి కూడా చూపించాను. సిమెంటు ఆగింది. ఇక గూడు ఎలా చెయ్యాలో చెప్పండి.

మిద్దెతోట | రాయగడ | జనవరి 19

అక్కా, తొందరపడి కొనకండి. పోయినేడు నేను ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాను. చూడ్డానికి బొమ్మరిల్లులా ఉంది. పైన పైన్ కాయలు, మధ్యలో గడ్డి, అడుగున వెదురు ముక్కలు. ఏడాది పొడుగునా సాలీళ్ళు, బల్లి గుడ్లు తప్ప ఒక్క ఈగ చేరలేదు. వెదురు ముక్కలు రెండు వైపులా తెరిచే ఉన్నాయి, లోతు మూడంగుళాలు కూడా లేదు. అంచులన్నీ పెచ్చులు లేచి ఉన్నాయి. దారంతో వేలాడదీశాను, గాలికి ఊగేది. ఇన్ని తప్పులున్నాయని అప్పుడు తెలియలేదు.

కీటకమాస్టారు | బరంపురం | జనవరి 19

మీరు చెప్పిన ఒక్కో తప్పుకీ ఒక్కో కారణముంది. వెనక తెరిచి ఉన్న గొట్టంలో ఈగ గూడు మొదలుపెట్టదు. దానికి వెనక గోడ కావాలి. పెచ్చులుంటే రెక్కలు చిరిగిపోతాయి. ఊగే గూటికి తిరిగొచ్చి వాకిలి పట్టుకోవడం కష్టం. పైన్ కాయలూ, గడ్డీ ఈ ఈగలకు అక్కరకే రావు.

లోతు అన్నిటికన్నా ముఖ్యం. తేనెటీగల్లో ఫలదీకరణ జరిగిన గుడ్డు ఆడదవుతుంది, జరగనిది మగదవుతుంది. తల్లి తనకు కావలసినట్టు పెట్టగలదు. గొట్టం లోపలి గదుల్లో ఆడ గుడ్లు, వాకిలి దగ్గర మగ గుడ్లు పెడుతుంది. మగవి ముందు బయటికి రావాలి, పైగా వాకిలి దగ్గరివాటికే శత్రువుల పోటు ఎక్కువ. గొట్టం పొట్టిదైతే మగ పిల్లలే ఎక్కువవుతాయి. వచ్చే ఏటికి గూళ్ళు కట్టే తల్లులు తగ్గిపోతాయి. ఫ్రాన్సులో కీటకాల మీద పరిశోధించిన ఫాబ్ర్ గారు పందొమ్మిదో శతాబ్దంలోనే ఈగలకు రెల్లు గొట్టాలు, గాజు గొట్టాలు ఇచ్చి పరీక్షించి ఈ విషయం పట్టుకున్నారు. కాబట్టి లోతు 15 సెంటీమీటర్లు, అంటే ఆరంగుళాలు ఉండాలి.

బరమా_మేస్త్రి | గుణుపురం | జనవరి 20

నేను వడ్రంగం చేస్తాను. పని సంగతి నేను చెప్తాను.

దుంగలో కన్నాలు పెట్టాలంటే దుంగ కోసిన ముఖం మీద బరమా పెట్టకండి. ఎండకి అక్కడే బీటలు తీస్తుంది, ఆ బీటల్లో పురుగూ బూజూ చేరతాయి. బెరడు వైపు నుంచి, పీచుకి అడ్డంగా కన్నం వెయ్యండి. ఆరంగుళాలు దిగాలంటే దుంగ ఏడెనిమిదంగుళాల మందం ఉండాలి. సరుగుడైనా, చింతైనా ఏడాది ఎండినది తీసుకోండి. పచ్చి కర్ర వద్దు. చెదల మందు, వార్నీషు, టార్పెంటు ఏదీ తగలకూడదు. కన్నం పడ్డాక పుల్లకి ఇసుక కాగితం చుట్టి లోపల తిప్పండి, పొట్టు దులిపెయ్యండి.

అంత పని లేకుండా వెదురు చాలు. మా గుణుపురం సంతకి కొండ మీంచి బుట్టలు తెచ్చేవాళ్ళు సన్న కొమ్మలు పారేస్తారు, అడిగితే కట్ట ఇస్తారు. కణుపుకి అవతల పక్క కొయ్యండి. అప్పుడు కణుపే వెనక గోడ. సన్న పళ్ళ రంపంతోనే కొయ్యాలి, కత్తితో నరికితే చీలిపోద్ది. నీడన ఆరబెట్టండి.

ఇంకో మాట. ఈ ఈగలు మంచివే గానీ తుమ్మెదల్ని పిలవకండి బాబూ. మా పెదనాన్న ఇంటి వాసాలకి జల్లెడలా కన్నాలు పెట్టేశాయి.

వలిసెపూలు | జయపురం, కొరాపుట్ జిల్లా | జనవరి 20

మేస్త్రి గారూ, పెరట్లో మునగచెట్లున్న అక్కకి తుమ్మెద వద్దంటే ఎలా? మునగ పువ్వు మీద కూర్చుని దాన్ని తెరవగల బరువూ, సైజూ ఉన్నది తుమ్మెదే. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్ళు 1990లో మునగ పూల మీద రాసిన వ్యాసంలోనూ తుమ్మెదల్నే ముఖ్యంగా లెక్కపెట్టారు.

కీటకమాస్టారు | బరంపురం | జనవరి 20

ఇద్దరిదీ నిజమే. తుమ్మెద కర్ర తినదు, తొలిచి గూడు చేసుకుంటుందంతే. రంగు, వార్నీషు ఉన్న కర్రని సాధారణంగా వదిలేస్తుంది. ఇంటి వాసాలకి పూత వేసుకుని, పెరటి చివర ఒక ఎండు మామిడి మోడునో, బొటనవేలు దూరేంత వెదురునో వదిలెయ్యండి. అటు పోతుంది.

నా బాధ ఇంకొకటి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి, గంజాం జిల్లాల మీద పడ్డప్పుడు జీడి, మామిడి, పనస చెట్లు ఎన్ని కూలాయో మీకు తెలుసు. కూలినవాటిని కోసి తీసుకుపోయాం. అది తప్పదు. కానీ ప్రతి ఎండు కొమ్మనీ, ప్రతి మోడునీ శుభ్రం చేసేశాం. కర్రలో గూడు కట్టేవాటికి ఇల్లు ఉండేది ఆ ఎండు కొమ్మల్లోనే. ఇప్పుడు మనం పెట్టబోయే వెదురు కట్ట ఆ లోటుకి చిన్న బదులు.

వలిసెపూలు | జయపురం, కొరాపుట్ జిల్లా | జనవరి 21

నేల సంగతి కూడా మర్చిపోకండి. ఒంటరి తేనెటీగల్లో పదింట ఏడు వంతులు నేలలోనే గూడు తవ్వుకుంటాయి. వెదురు కట్ట ఎంత బాగా కట్టినా వాటికి పనికిరాదు. పెరడంతా టైల్స్ పరిచి, మిగిలినచోట నల్ల ప్లాస్టిక్ షీటు కప్పితే అవెక్కడికి పోతాయి?

మా అమ్మమ్మ ఊళ్ళో మట్టిగోడల ఇళ్ళుండేవి. గోడకి ఎండ తగిలే వైపు సన్న కన్నాలు వరసగా ఉండేవి. పొట్ట మీద నీలం పట్టీలున్న ఈగలు రయ్యిమని వచ్చిపోయేవి. వాటిని అమెగిల్లా అంటారని కాలేజీలో తెలిసింది. వంకాయకి, టమాటాకి అవి ప్రాణం. వంగపువ్వు పుప్పొడి తిత్తికి చివర చిన్న రంధ్రమే ఉంటుంది, ఊరికే వాలితే రాలదు. ఈ ఈగ పువ్వుని పట్టుకుని ఒళ్ళు కంపిస్తే ఉప్పు డబ్బా దులిపినట్టు రాలుతుంది. మామూలు తేనెటీగకి ఆ విద్య రాదు. తుమ్మెదకి వచ్చు.

ఆ మట్టిగోడలు ఇప్పుడు లేవు. నేనేం చేశానంటే, ఎర్రమట్టీ ఇసుకా కలిపి సిమెంటు లేకుండా పెద్ద ఇటుకలు పోసి, తడి ఉండగానే పెన్సిలుతో కన్నాలు పొడిచి, వాన తగలకుండా చూరు కింద పేర్చాను. గోటితో గీస్తే పొడి రాలాలి, అంత మెత్తగా ఉంటేనే అవి తవ్వుకుంటాయి. ఆస్ట్రేలియాలో నీలం పట్టీల ఈగలకి ఇలాగే మట్టి ఇటుకలు చేస్తారు. మొదటి ఏడు ఖాళీ. రెండో ఏడు వలిసె పూసే కార్తీకంలో తొమ్మిది కన్నాల్లోకి రాకపోకలు మొదలయ్యాయి. ఆ రోజు మా అమ్మని పిలిచి చూపిస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వాళ్ళమ్మ ఇంటి గోడ గుర్తొచ్చిందట.

ప్రాణహిత_గట్టు | సిరొంచ, గడ్చిరోలి జిల్లా | జనవరి 22

నమస్తే. మాది మహారాష్ట్ర బార్డర్, సిరొంచ దిక్కు. మా కంది చేన్ల ఈ ఆకుకోత ఈగలు మస్తు తిరుగుతయ్. పువ్వు మీద కూసోంగనే కింది రేకు తెర్సుకొని లోపలి కేసరాలు దాని కడుపుకు తాకుతయ్. పుప్పొడి కాళ్ళకు కాదు, కడుపు కిందున్న వెంట్రుకలకు అంటుకుంటది. పసుప్పచ్చ పొట్ట చూసే నేను గుర్తుపడ్త. పటాన్‌చెరు ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థల కంది సంకర విత్తనం చేసుడు కూడ ఈ ఈగల మీదనే ఆధారం.

నా ప్రశ్న మందు గురించి. పత్తి గింజలే మందు పట్టించి వస్తున్నయ్. మిర్చికి వారం వారం కొట్టుడే. చేను గట్టు మీద వెదురు కట్టలు కడ్తే వాటిని పిల్సి సంపినట్టు అయితదా?

కీటకమాస్టారు | బరంపురం | జనవరి 22

ఈ ప్రశ్న వేసినందుకే మీకు దండం తమ్ముడూ.

ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సమ్ లాంటివి మొక్క ఒంట్లోకి ఎక్కే మందులు. పుప్పొడిలోకీ, మకరందంలోకీ వస్తాయి. పట్టు ఈగల్లో కొన్ని కూలీలు చస్తే మిగతావి పట్టును నిలబెడతాయి. ఒంటరి ఈగలో తల్లి చస్తే ఆ గూడు అక్కడితో ఆఖరు. ఆకుకోత ఈగ పిల్లని ఆకులోనే చుట్టి పెడుతుంది కదా, ఆ ఆకు మీద మందుంటే పిల్ల దాన్నే ఆనుకుని పెరగాలి. యూరోపియన్ యూనియన్ 2018లో ఇమిడాక్లోప్రిడ్, క్లోథియానిడిన్, థయామెథాక్సమ్ మూడింటినీ ఆరుబయట పొలాల్లో వాడకుండా ఆపింది ఈగల కోసమే.

మీరు చేయగలిగినవి: కట్టలు మిర్చి వైపు వద్దు, కందికి పక్కన, ఇంటికి దగ్గరగా కట్టండి. పూత మీద మందు కొట్టకండి. తప్పదంటే పొద్దు గూకాక కొట్టండి. రాత్రి ఆడ ఈగ గొట్టంలోనే పడుకుంటుంది, ఆ ఒక్క రాత్రికి గూటిని గోనెపట్టాతో కప్పి తెల్లారాక తీసెయ్యండి.

ప్రాణహిత_గట్టు | సిరొంచ, గడ్చిరోలి జిల్లా | జనవరి 22

సమజైంది సార్. ఇంటి కొట్టం కాడ పెడ్త.

మిద్దెతోట | రాయగడ | జనవరి 24

వెదురు దొరక్కపోతే బొప్పాయి ఆకు కాడలు వాడొచ్చా? స్ట్రాలు?

కీటకమాస్టారు | బరంపురం | జనవరి 24

బొప్పాయి కాడ ఎండితే ముడుచుకుపోతుంది, చెమ్మకి కుళ్ళుతుంది. ప్లాస్టిక్ స్ట్రాలు అసలొద్దు. లోపలి చెమ్మ బయటికి పోక పుప్పొడి ముద్దకి బూజు పడుతుంది, పిల్ల చస్తుంది. రెల్లు కాడలు, బాగా ఎండిన ఆముదపు కాడలు నయం. మందపాటి కాగితాన్ని పెన్సిలుకి చుట్టి గొట్టం చేసి వెనక మూసినా సరే, వాన తగలకపోతే చాలు. నువ్వుల కట్టె, తలంబ్రాల చెట్టు కొమ్మల్లాంటి బెండు ఉన్న కాడల్ని నిలువుగా కట్టి పెడితే సెరటినా అనే బుల్లి ఈగలు బెండు తొలుచుకుని చేరతాయి.

పెరటిమునగ | పర్లాకిమిడి | ఫిబ్రవరి 2

చేశామండీ! మేస్త్రి గారు చెప్పినట్టు వెదురు తెప్పించాం. మావారు రంపం, నేను ఇసుక కాగితం, పెద్ద మనవడు కొలబద్ద. అగ్గిపుల్ల దూరేవి, పెన్సిలు దూరేవి, చిటికెనవేలు దూరేవి కలిపి 34 గొట్టాలు. ఖాళీ నూనె డబ్బా పక్కకి పడుకోబెట్టి అందులో బిగించాం. తూర్పు గోడకి, చూరు కింద, నా ఛాతీ ఎత్తున రెండు మేకులతో కదలకుండా కొట్టాం.

బరమా_మేస్త్రి | గుణుపురం | ఫిబ్రవరి 2

డబ్బా రేకుదా? మధ్యాహ్నం ఎండకి కాలిపోద్దమ్మా. పైన తాటాకైనా, పాత గోనైనా వెయ్యండి. తూర్పు మంచి పని చేశారు. పొద్దున్న ఎండ తగిలితే ఈగ తొందరగా లేస్తది. పడమటి ఎండా, నైరుతి వానా రెండూ తప్పుతాయి.

పెరటిమునగ | పర్లాకిమిడి | ఫిబ్రవరి 3

తాటాకు వేశాం. చీమలు బారులు కడుతున్నాయి, ఏం చెయ్యాలి?

వలిసెపూలు | జయపురం, కొరాపుట్ జిల్లా | ఫిబ్రవరి 3

గోడకి ఆనకుండా ఇనప కొంకీలకి ఎక్కించి, కొంకీలకి గ్రీజు రాయండి అక్కా. చీమల మందు పొడి మాత్రం చల్లకండి. పక్కన ఒక మూకుడులో తడి మట్టి కూడా పెట్టండి. ఆకులకి బదులు మట్టితో గదులు కట్టే జాతులూ ఉన్నాయి, ఎండాకాలం వాటికి బురద దొరకదు.

మిద్దెతోట | రాయగడ | మార్చి 9

నేనూ ఈసారి సొంతంగా 20 గొట్టాలు కట్టాను. అయిదు నిండాయి. నాలుగింటికి మట్టి మూత, ఒకదానికి గడ్డిపరకలు కుక్కి ఉన్నాయి. ఒక పురుగు పచ్చ గొంగళిని ఈడ్చుకెళ్ళడం చూశాను. ఇవి ఈగలేనా? కందిరీగలైతే తీసెయ్యనా?

కీటకమాస్టారు | బరంపురం | మార్చి 9

గొంగళి ఈడ్చిందంటే కందిరీగే. తీసెయ్యకండి. ఇవీ ఒంటరివే, పట్టు కందిరీగల్లా గుంపుగా మీదపడవు. మీ మిద్దె మీది క్యాబేజీ గొంగళ్ళే దాని పిల్లలకు తిండి. గడ్డి మూత కూడా ఒక రకం కందిరీగదే. పచ్చి ఆకు బిళ్ళలు పేర్చిన మూత ఉంటే ఆకుకోత ఈగ. జిగురు మెరుస్తుంటే చెట్టు బంకతో కట్టే ఇంకో మెగాకైల్.

గూళ్ళు పెడితే ఈగలే చేరతాయన్న భరోసా లేదు. కెనడాలోని టొరంటోలో దాదాపు 600 గూళ్ళు మూడేళ్ళు గమనించి 2015లో ప్రచురించారు. ఏటా నాలుగింట మూడొంతుల గూళ్ళలో కందిరీగలు కనిపించాయి. అక్కడ బయటి దేశాల నుంచి వచ్చిన ఈగలు కూడా స్థానిక ఈగలతో పోటీగా చేరాయి. అందుకే ఒకే చోట వంద గొట్టాల మేడ కట్టొద్దంటాను. ఇరవై ముప్పై గొట్టాల కట్టలు దూరదూరంగా పెట్టండి. గుంపుగా ఉంటే దొంగలకి సులువు. సీలియాక్సిస్ అని కోసు తోకతో ఉండే ఈగ ఒకటుంది. ఆకుకోత ఈగ బయటికి వెళ్ళినప్పుడు దూరి తన గుడ్డు పెట్టి పోతుంది. దాని పిల్ల ఇంటి పిల్లని చంపి ఆ ముద్ద తింటుంది. ప్రకృతిలో దానికీ చోటుంది, కానీ మేడ కట్టి దానికి విందు పెట్టనక్కర్లేదు.

పెరటిమునగ | పర్లాకిమిడి | ఏప్రిల్ 14

ఆలస్యంగా రాస్తున్నాను. ఫిబ్రవరి 21న మొదటి గొట్టంలోకి ఆకు వెళ్ళింది. పెన్సిలు సైజుది. మర్నాడు నేనూ పెద్ద మనవడూ పీట వేసుకుని కూర్చుని లెక్కపెట్టాం. పొద్దున్న తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఆకుతో 19 సార్లు వచ్చింది, పసుపు పొట్టతో 8 సార్లు వచ్చింది. పుప్పొడి తెచ్చినప్పుడు ముందు తలతో లోపలికి వెళ్ళి, బయటికొచ్చి, వెనక్కి తిరిగి మళ్ళీ దూరుతుంది. ఎందుకని వాడు అడిగాడు. మకరందం కక్కి, తర్వాత పొట్ట దులుపుకోడానికని ఇక్కడ మాస్టారు చెప్పినవన్నీ చదివాక నాకు నేనే చెప్పుకోగలిగాను.

ఇప్పటికి 11 మూతలు పడ్డాయి. మొదటిది 41వ రోజున తెరుచుకుంది. మూతలో గుండ్రటి కన్నం, దాంట్లోంచి చిన్న తల. మనవడు అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు వచ్చారు. పక్కావిడ ఒడియాలో వాళ్ళాయనకి చెబుతోంది, మహుమాఛి, అంటే తేనెటీగల్ని, ఇంట్లో పెంచుకుంటున్నారని. తేనె రాదని చెప్తే, మరెందుకూ అంది. వంగమొక్క దగ్గరకి తీసుకెళ్ళి కాయలు చూపించాను. వాళ్ళకీ ఒక కట్ట కట్టి ఇస్తున్నాం.

ఒక అనుమానం. పిల్లలు బయటికొచ్చాక ఆ గొట్టాలే మళ్ళీ వాడుకోనివ్వొచ్చా?

కీటకమాస్టారు | బరంపురం | ఏప్రిల్ 14

ఆ తలని నేను కూడా చూసినంత సంతోషమైంది.

పాత గొట్టాల్లో ఈగల్ని పట్టే సన్న నల్లి పురుగులూ (మైట్స్), బూజూ మిగులుతాయి, మళ్ళీ వాడుకోనివ్వకండి. చల్లటి దేశాల్లో ఏడాదికి ఒకసారే పిల్లలొస్తాయి కనుక చలికాలంలో మార్చేస్తారు. మనకి ఏడాదిలో రెండు మూడు తరాలు నడుస్తాయి, అన్నీ ఒకేసారి ఖాళీ కావు. కాబట్టి ఇలా చెయ్యండి. మూతలున్న గొట్టాలన్నీ తీసి ఒక అట్టపెట్టెలో, మూతలు ఒకే వైపుకి ఉండేలా పెట్టండి. పెట్టె మూసి వెలుగు వచ్చే ఒక్క కన్నం వేలంత పెట్టి, పాత చోటే కట్టండి. పిల్లలు వెలుగు చూసుకుని బయటికొస్తాయి, చీకట్లోకి తిరిగి వెళ్ళవు. పక్కనే కొత్త వెదురు కట్ట ఉంటే అందులో దిగుతాయి. తీసేటప్పుడు గొట్టాల్ని దులపకండి, దొర్లించకండి. గుడ్డు ముద్ద మీద నిలబడి ఉంటుంది, జారితే పిల్ల బతకదు. అన్నీ వచ్చేశాక పాతవి పొయ్యిలో పెట్టెయ్యండి.

బరమా_మేస్త్రి | గుణుపురం | ఏప్రిల్ 16

మా పెదనాన్న ఇంటి వాసాలకి వార్నీషు వేశాను. తీసేసిన పాత మామిడి దూలం ఒకటి పెరటి చివర రెండు రాళ్ళ మీద పెట్టాను. నిన్న సాయంత్రం దాని కింద కొత్త పొట్టు రాలి ఉంది. నల్ల తుమ్మెద. మునగ కూడా కాస్త ఎక్కువే కాసిందంటోంది పెద్దమ్మ.

ప్రాణహిత_గట్టు | సిరొంచ, గడ్చిరోలి జిల్లా | ఏప్రిల్ 20

మా కొట్టం కాడ 26 గొట్టాలు కట్టిన, 3 నిండినయ్. ఇప్పుడు ఎండకు పూలే లేవు, ఏం తింటయో అని రంధి. ఇంటి ముంగట తులసి, దోస పాదు పెట్టి బోరు నీళ్ళు పారిస్తున్న. వానలు పడంగనే గట్టు పొడుగునా కంది సాలు ఏస్త, అది మందు కొట్టని సాలు. పర్లాకిమిడి అక్కా, మీ నూనె డబ్బా ఫోటో ఒకటి పెట్టుండ్రి, బిగించుడు ఎట్లనో సూస్త.

పెరటిమునగ | పర్లాకిమిడి | ఏప్రిల్ 20

రేపు పొద్దున్న ఎండ పడ్డాక తీసి పెడతాను తమ్ముడూ. ఇప్పుడు చీకటి, అన్నీ గొట్టాల్లో పడుకున్నాయి.